తొట్టిలో చేపకి తల్లెవరు, తండ్రెవరు?



ఇవాళ రంగు చేపల గురించి మాట్లాడుకుందాం. అంటే ఇంట్లో అద్దాల తొట్టిలో పెంచుకునే చేపలు. పోలవరంలో గానీ, కొవ్వూరు, రాజమండ్రిలో గానీ ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఓ తొట్టి కనిపిస్తోంది. బట్టల కొట్లో ఉంటుంది. డాక్టరు గారి దగ్గర పిలుపు కోసం కూర్చునే హాల్లో ఉంటుంది. పిల్లలు దాని ముందు నించున్నారంటే ఓ పట్టాన కదలరు. "నాన్నా, ఇదేం చేప?" అంటారు. పేరు చెప్పేస్తాం. గోల్డ్ ఫిష్ అనో, గుప్పీ అనో, ఫైటర్ అనో. మరి దీని తల్లి ఏ చేప, తండ్రి ఏ చేప అని అడిగితే? అక్కడ ఆగిపోతాం. మనమే కాదండి. చేపల మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్తలు కూడా ఈ ప్రశ్న దగ్గర ఏళ్ళ తరబడి వాదించుకుంటూనే ఉన్నారు.

కారణం ఏమిటంటే, రంగు చేపల్లో చాలావాటికి మూలం ఒక్క జాతి కాదు. రెండు జాతులు, మూడు జాతులు కలిస్తే పుట్టినవి. వాటినే సంకర చేపలంటాం. హైబ్రిడ్ అన్నా అవే.

నేనివాళ చెప్పదలుచుకున్న సంగతి ఒక్కటే. చేప పిల్లలు పెట్టిందంటే, తల్లి ఏదో తండ్రి ఏదో రాసిపెట్టుకోండి. అంతే. వినడానికి చాలా చిన్న పని. దీనివల్ల ఏం లాభం, ఇది చెయ్యకపోతే ఏం నష్టం, మన గోదావరికి దీంతో ఏం సంబంధం, ఆ మూడూ చెప్పుకుందాం.

ముందు ఫ్లవర్‌హార్న్ సంగతి. చూసే ఉంటారు. అరచేతికి మించిన చేప. నుదుటి మీద ఉబ్బెత్తుగా పెద్ద బుడిపె. ఒంటి మీద ఎరుపు, ముత్యాలు పొదిగినట్టు మెరిసే చుక్కలు. పక్కన నల్లటి మచ్చలు వరసగా ఉంటాయి. ఆ మచ్చలు చైనా అక్షరాల్లా ఉన్నాయని, ఇంట్లో ఉంటే కలిసొస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం మన దాకా వచ్చింది. వాస్తు చేప అని వేలకి వేలు పోసి కొంటున్నారు.

ఈ చేప ఏ నదిలోనూ పుట్టలేదండి. ఏ చెరువులో వల వేసినా మొదట ఇది దొరికింది కాదు. 1990ల చివర్లో మలేషియాలో చేపలు పెంచేవాళ్ళు తొట్టెల్లో దీన్ని తయారుచేశారు. మధ్య అమెరికాలో సిక్లిడ్ అనే కుటుంబం చేపలున్నాయి. మన చెరువుల్లో పెరిగిపోయిన తిలాపియా కూడా ఆ పెద్ద కుటుంబానిదే. అక్కడి ట్రైమాక్, రెడ్ డెవిల్, ఇంకా రెండు మూడు రకాలు కలిపారని అంటారు. ఎన్ని రకాలు కలిపారు? ఏది ముందు కలిపారు? ఏది తల్లి, ఏది తండ్రి? ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు.

దాని కన్నా ముందు బ్లడ్ ప్యారట్ అనే చేప వచ్చింది. 1986 ప్రాంతంలో తైవాన్‌లో. నారింజ పండు రంగు. గుండ్రటి ఒళ్ళు. దాని నోరు దగ్గరగా చూడండి ఎప్పుడైనా. చిన్న చీలికలా ఉంటుంది. పూర్తిగా మూసుకోదు. మిగతా చేపల్లా పెదవులతో గట్టిగా పట్టుకుని తినలేదు. గొంతులో ఉండే పళ్ళతో నమిలి మింగుతుంది. వెన్నుపూస కూడా సరిగ్గా ఉండదు. పుట్టుకతోనే వచ్చిన అవకరం అది. దాన్ని ముద్దుగా ఉందని అమ్ముతున్నారు. నాకది కష్టంగా ఉంటుంది. ఒక ప్రాణికి నోరు మూసుకోవడం కూడా రాకుండా చేసి, దాన్ని అందం అనడం నాకు మనసొప్పదు. ఈ చేప తల్లిదండ్రులెవరో కూడా తయారుచేసినవాళ్ళు చాలాకాలం బయటపెట్టలేదు. వ్యాపార రహస్యం. ఒకరికి తెలిస్తే నలుగురూ చేస్తారని భయం.

చూశారా, వాదన ఎక్కడ మొదలైందో? సంకరం చేసినందుకు కాదు. రాయనందుకు, రాసినా చెప్పనందుకు.

మీరు కొట్టుకెళ్ళి అడిగి చూడండి. "బాబూ, దీని తల్లిదండ్రులేవి?" అనండి. "థాయిలాండ్‌దండి, ఇంపోర్టెడ్ అండి" అంటాడు ఆ కుర్రాడు. అది దేశం పేరు. తల్లి పేరు కాదు. పాపం, అతనికీ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మన కడియం నర్సరీలకి వెళ్దాం. నర్సరీలో మామిడి అంటు కొంటాం. కింద టెంక నుంచి వచ్చిన మొక్క ఒకటి. పైన కట్టిన కొమ్మ ఇంకో చెట్టుది. చూడ్డానికి అన్ని అంట్లూ ఒక్కలాగే ఉంటాయి. నర్సరీ ఆయన చీటీ కడతాడు. కొత్తపల్లి కొబ్బరి అనో, బంగినపల్లి అనో. కాయ కాసేదాకా మనకి రుజువు లేదు. నాలుగైదేళ్ళు ఆ చీటీని నమ్ముకుని నీళ్ళు పోస్తాం. చీటీ ఊడిపోయిన మొక్కని మంచి నర్సరీ ఆయన పేరు పెట్టి అమ్మడు. పక్కన పెట్టేస్తాడు. చేపకి కూడా ఆ చీటీ ఉండాలంటున్నాను.

చీటీ ఉంటే ఏం ఒరుగుతుంది? దీనికి ప్రపంచంలోకెల్లా మంచి నిదర్శనం ప్లేటీ, స్వార్డ్‌టెయిల్ అనే రెండు చేపలు. మన కొట్లలో చవగ్గా దొరికేవే. స్వార్డ్‌టెయిల్ మగచేప తోక కింద కత్తిలా ఓ కోసు ఉంటుంది. ప్లేటీ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. రెండూ మెక్సికో, ఆ చుట్టుపక్కల దేశాల నదుల్లోవి. నదిలో ఇవి పెద్దగా కలవవు. తొట్టిలో పెడితే కలుస్తాయి. ఇవాళ కొట్లో కనిపించే ఎర్రటి ప్లేటీలు, ఎర్రటి స్వార్డ్‌టెయిళ్ళు చాలామటుకు అలా కలిసిన వంశాలే.

1920ల చివర్లో అమెరికాలో మైరాన్ గోర్డన్ అనే శాస్త్రవేత్త, జర్మనీలో కుర్ట్ కాస్విగ్ అనే ఇంకో శాస్త్రవేత్త ఒక వింత గమనించారు. కొన్ని ప్లేటీలకి ఒంటి మీద నల్ల మచ్చలుంటాయి. ప్లేటీకి ఆ మచ్చల వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆ మచ్చల ప్లేటీని స్వార్డ్‌టెయిల్‌తో కలిపితే పుట్టిన పిల్లలకి మచ్చలు పెద్దవయ్యాయి. ఆ పిల్లల్ని మళ్ళీ స్వార్డ్‌టెయిల్‌తోనే కలిపారు. ఈసారి పుట్టినవాటిలో కొన్నిటికి ఆ నలుపు ఆగలేదు. కండలోకి పాకింది. గడ్డయింది. అది చర్మ క్యాన్సర్.

ఎందుకలా అయింది? ప్లేటీలో మచ్చని పుట్టించే జన్యువు ఒకటుంది. దాన్ని అదుపులో పెట్టేది కూడా ప్లేటీలోనే ఉంది. రెండూ కలిసి ఉన్నంతకాలం చేప క్షేమం. స్వార్డ్‌టెయిల్‌తో మళ్ళీ మళ్ళీ కలిపేసరికి కొన్ని పిల్లలకి మచ్చ పుట్టించేది వచ్చింది, అదుపు చేసేది రాలేదు. అందుకే గడ్డ. ఆ మచ్చ జన్యువు ఏదో 1989లో శాస్త్రవేత్తలు కచ్చితంగా పట్టుకున్నారు. మనుషులకి వచ్చే చర్మ క్యాన్సర్‌ని అర్థం చేసుకోవడానికి ఈ చిన్న చేపలు ఎంతో సాయం చేశాయి.

ఇదంతా ఎలా తెలిసిందండి? గోర్డన్ ప్రతి చేపకీ తల్లి, తండ్రి రాసుకున్నాడు కాబట్టి. ఏ తొట్టిలో ఏ జంట, ఏ తేదీన పిల్లలు, అన్నీ. ఆయన మొదలుపెట్టిన చేపల వంశాలు ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలో టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలో వాటిని పెంచుతున్నారు. కొన్ని వంశాలు వంద తరాలు దాటాయి. ఆ చేపల విలువంతా ఆ లెక్కలు రాసిన పుస్తకంలో ఉంది. పుస్తకం పోతే అవీ కొట్లో చేపలూ ఒకటే.

అందుకే మళ్ళీ చెప్తున్నాను. తల్లి ఏదో తండ్రి ఏదో రాసిపెట్టుకోండి.

ఇంతకీ సంకరం చెడ్డదా అని మీకు అనుమానం రావచ్చు. కాదండి. మనం రోజూ చూసే గోల్డ్ ఫిష్ సంగతే తీసుకోండి. చైనాలో సుమారు వెయ్యేళ్ళ నాడు కోనేళ్ళలో పెంచడం మొదలుపెట్టారు. ఈ మధ్య దాని జన్యువులన్నీ చదివి చూశారు. దాని పూర్వీకుల్లో రెండు వేరు వేరు జాతులు కలిశాయని తేలింది. ఎప్పుడు? దాదాపు కోటీ నలభై లక్షల ఏళ్ళ కిందట. మనిషన్నవాడు లేని రోజుల్లో. మన చెరువుల్లో బంగారు తీగ పెంచుతాం కదా, దాని పూర్వీకులూ అవే. బొచ్చెకి, శీలావతికి కణంలో 50 క్రోమోజోములుంటే, బంగారు తీగకి 100 ఉంటాయి. రెండు వంశాల లెక్క ఒకే ఒంట్లో మిగిలిపోయింది. అంటే ప్రకృతి కూడా సంకరం చేస్తుంది. అయితే ప్రకృతి లక్షల ఏళ్ళు తీసుకుంటుంది. నిలవలేనిది నిలవదు. మనం ఆరు నెలల్లో చేసి, కవర్లో పోసి, బస్సెక్కించేస్తాం.

ఫైటర్ చేప ఇంకో ఉదాహరణ. చిన్న గాజు సీసాలో ఒంటరిగా ఉంటుంది చూడండి, పట్టుచీర కుచ్చిళ్ళలాంటి రెక్కలేసుకుని. సొంతూరు థాయిలాండ్. ఇది ఒక్క జాతా, నాలుగైదు జాతుల కలగలుపా అని చాలా వాదన జరిగింది. 2022లో ఐదు దగ్గరి జాతులకు చెందిన 98 చేపల జన్యువులు చదివారు. తేలిందేమిటంటే, తొట్టిలో ఫైటర్‌కి అడవి చేపల పోలికలు వచ్చి చేరాయి. అంతవరకూ అందరూ అనుకున్నదే. రెండో సంగతి నన్ను ఆలోచింపజేసింది. అడవి చేపల్లోకి కూడా తొట్టి చేప పోలికలు వెళ్ళిపోయాయి. దారి రెండు వైపులా తెరిచి ఉంది. మడుగులో పట్టినది అచ్చమైన అడవి చేపా, కాదా అన్నది ఇప్పుడక్కడ చూపుతో తేల్చలేరు.

థాయిలాండ్ మడుగులో జరిగింది మన గోదావరిలో జరగకూడదా? తొట్టి చేప నీళ్ళలోకి వెళ్ళడం ఇక్కడా మొదలైందండి.

చేపల రైతులకి ఈ చేపని పరిచయం చెయ్యక్కర్లేదు. డెవిల్ ఫిష్ అంటున్నారు. రాకాసి చేప అంటున్నారు. కొట్లో దాని పేరు ట్యాంక్ క్లీనర్. వేలంత పిల్లగా కొంటాం. అద్దానికి నోరు ఆనించి నాచు నాకుతూ ఉంటుంది. ఏడాది తిరిగేసరికి తొట్టి చాలదు. జానెడు దాటి మూరెడు అవుతుంది. ఏం చెయ్యాలో తోచదు. చంపడానికి మనసు రాదు. పుణ్యమని తీసుకెళ్ళి కాలవలో వదిలేస్తాం. దాని సొంతూరు దక్షిణ అమెరికాలో అమెజాన్. ఒంటి నిండా ఎముక పెంకులు. పెద్దయ్యాక దాన్ని మింగగలిగింది మన చేపల్లో దాదాపు లేదు. నీళ్ళు చెడినా బతుకుతుంది, ఎందుకంటే గాలి మింగి పొట్టతో ఊపిరి తీసుకోగలదు. గట్టుకి బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. గట్టు గుల్లవుతుంది. వలలో పడితే దాని ముళ్ళకి వల చిరిగిపోతుంది. వల చిరిగితే గంగపుత్రుడి ఇంట్లో ఆ పూట ఎలా గడుస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

హైదరాబాదులో సీసీఎంబీ అని పెద్ద పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు ఒక కొత్త పద్ధతిలో వెతికారు. చేపని పట్టలేదు. చెరువుల్లో, వాగుల్లో నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. చేప తిరిగిన నీళ్ళలో దాని డీఎన్ఏ ఆనవాళ్ళు ఉంటాయి. అవి చూసి చెప్పారు. తూర్పు కనుమల్లో దాదాపు 60 శాతం నీటి వనరుల్లో ఈ చేప ఉందని తేల్చారు. తూర్పు కనుమలంటే ఎక్కడో కాదు. మన పాపికొండలు కూడా వాటిలో భాగమే.

ఈ చేప ఏ జాతి అన్నదాని మీదే పెద్ద వాదన నడుస్తోంది. పొట్ట మీద చూసి చెప్పాలంటారు. పొట్ట మీద విడివిడిగా నల్ల చుక్కలుంటే పార్డాలిస్ అనే జాతి. చుక్కలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి వానపాముల్లా మెలికలు తిరిగితే డిస్‌జంక్టివస్ అనే జాతి. రెండూ అమెజాన్ నీళ్ళలోవే. తొట్టెల వ్యాపారం ఆ రెండిటినీ ఒకచోట చేర్చింది. వదిలేసిన దేశాల్లో చూస్తే సగం చుక్కలు, సగం మెలికలు ఉన్న చేపలు దొరుకుతున్నాయి. తైవాన్‌లో 2011లో ఇలాంటి చేపల డీఎన్ఏ చూశారు. పొట్ట మీద గీతలు ఒక మాట చెప్తే, డీఎన్ఏ ఇంకో మాట చెప్పింది. వాళ్ళు చూసిన డీఎన్ఏ తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చేది. అంటే తల్లి ఒకటి, ఒంటి మీద పోలిక ఇంకోటి. రెండు జాతులూ కలిసిపోయి ఉంటాయని అక్కడివాళ్ళ అభిప్రాయం. మన దేశంలో కూడా ఒక్కో చోట ఒక్కో పేరు రాస్తున్నారు.

పేరు ఏదైతే ఏం, వల చిరిగింది కదా అంటారా? పేరు కావాలండి. ఏది ఎంత చలికి తట్టుకుంటుంది, ఏ నెలలో గుడ్లు పెడుతుంది, ఏ మందుకి లొంగుతుంది, ఇవన్నీ జాతిని బట్టి చెప్తారు. జాతి తెలియని చేపకి ఆ లెక్క ఎలా వేస్తారు? దానికి తోడు రెండు జాతులు కలిసిన చేప, రెండిటిలో దేనికీ లేని మొండితనం తెచ్చుకోవచ్చు. మొదట ఆ పిల్లల్ని అమ్మిన చోట తల్లీ తండ్రీ రాసి ఉంటే సగం వాదన ఉండేదే కాదు.

పోలవరం వాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. ఇది మనకే ప్రత్యేకం. మన పట్టిసీమ దగ్గర 2015లో ఎత్తిపోతల పథకం మొదలైంది. 24 పంపులు గోదావరి నీళ్ళు ఎత్తి పోలవరం కుడి కాలవలో పోస్తాయి. ఆ కాలవ పొడుగు 174 కిలోమీటర్లు. ఆ నీళ్ళు విజయవాడ దగ్గర కృష్ణలో కలుస్తాయి. రైతుకి అది వరం. నేను కాదనను. కానీ నీళ్ళతో పాటు గుడ్లు, చిట్టి పిల్లలు కూడా ప్రయాణం చెయ్యగలవు.  ఇప్పుడు పోలవరం దగ్గర గోదావరిలో ఒక చేప వదిలితే, అది రెండు నదులకీ వదిలినట్టు.

రంగు చేపల సంగతి పక్కన పెట్టి, తినే చేపల మాట ఒక్కటి చెప్పుకుందాం. ఇది కూడా తల్లీ తండ్రీ కథే. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప తలలోని పియూష గ్రంథి రసంతో సూది ఇచ్చి, చెరువు చేప చేత గుడ్లు పెట్టించారు. అంతకు ముందు వరద నీటిలో గుడ్లు ఏరుకునేవాళ్ళం. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా చేసుకుంటున్నాం. కొల్లేరు చుట్టూ, భీమవరం చుట్టూ ఇవాళ ఉన్న ఈ చెరువులన్నీ ఆ సూది నుంచి వచ్చినవే. ఆ తరవాత ఒకటి రెండేళ్ళకే బొచ్చెని, శీలావతిని కలిపి చూశారు. పిల్లలు పుట్టాయి. తల బొచ్చె కన్నా చిన్నది, పెరుగుదల శీలావతి కన్నా ఎక్కువ. మంచి చేపే. చిక్కేమిటంటే ఆ పిల్లలకి మళ్ళీ పిల్లలు పుడతాయి. గొడ్డుపోవు. అవి పెరిగి తల్లిచేపల గుంపులో కలిస్తే ఏది అసలు బొచ్చె, ఏది కలిసినది అని కనిపెట్టలేం.

చేప పిల్లల్ని పుట్టించే హేచరీల్లో గుండ్రటి సిమెంటు తొట్టి ఉంటుంది. తల్లిచేపలకి సూది వేసి అందులో వదులుతారు. ఒకే రాత్రి బొచ్చెకీ, శీలావతికీ, మోసుకీ ఆర్డరుంటే, నీళ్ళు కలిసొస్తాయని, కరెంటు కలిసొస్తుందని అన్నిటినీ ఒకే తొట్టిలో వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. తెల్లవారేసరికి గుడ్లన్నీ ఒకటే. బంగ్లాదేశ్‌లో ఈ సంగతి పరిశోధించి 2005లో అచ్చేశారు. హేచరీ చేపల్లో సంకరం విపరీతంగా ఉంది. నది చేపల్లో మాత్రం లేదు. నది ఇంకా అచ్చంగానే ఉందన్నమాట. అది చదివి నాకు ధైర్యం వచ్చింది. భయం కూడా వేసింది. ఆ హేచరీ పిల్లల్నే కదా మళ్ళీ నదుల్లో, ప్రాజెక్టుల్లో వదులుతాం? రేపు పోలవరం జలాశయం నిండాక అందులో వదిలే పిల్లలకి తల్లి చీటీ ఉండాలా, వద్దా? ఉండాలనే నేనంటాను. గోదావరిలో పట్టిన తల్లిచేపల పిల్లలే గోదావరిలో వదలాలి. రాసి పెట్టి మరీ వదలాలి.

రాసి పెడితే ఏం జరుగుతుందో కూడా మన దేశంలోనే చూశాం. భువనేశ్వర్‌లో కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు నార్వే వాళ్ళతో కలిసి 1992లో మొదలుపెట్టి, గంగ, యమున, బ్రహ్మపుత్ర, గోమతి, సట్లెజ్ నదుల నుంచి శీలావతుల్ని తెచ్చారు. ప్రతి కుటుంబానికీ గుర్తు వేశారు. ఏ తల్లి, ఏ తండ్రి అని లెక్క రాశారు. బాగా పెరిగినవాటిని తరం తరానికీ ఏరారు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన 1997లో జయంతి రోహు అని విడుదల చేశారు. మన జిల్లాల రైతులు ఎంతోమంది పెంచారు. తరానికి దాదాపు 17 శాతం చొప్పున పెరుగుదల హెచ్చింది. కొత్త మందు లేదు. కొత్త మేత లేదు. ఏరడం, రాయడం. ఆ రెండే.

సరే, ఇంట్లో ఎలా రాయాలి? గుప్పీతో మొదలుపెట్టండి. ఎందుకంటే అందరూ దాంతోనే మొదలుపెడతారు. మోసం చేసేదీ అదే. కొట్లో ఓ ఆడ గుప్పీ, ఓ అందమైన మగ గుప్పీ కొంటారు. ఇంటికి తెచ్చి తొట్టిలో వేస్తారు. నాలుగు వారాలకి పిల్లలు. ఆహా, వీటి తండ్రి ఇదే అనుకుంటారు. అలా అనుకోడానికి లేదండి. ఆడ గుప్పీ ఒకసారి జతకడితే ఆ బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది. కొట్లో తొట్టిలో వంద మగచేపల మధ్య ఉన్నది అది. ఆ పిల్లల తండ్రి ఎవరో దేవుడికెరుక. దానికి తోడు గుప్పీల్లో ఎండ్లర్ అని వెనిజులా నుంచి వచ్చిన బుల్లి రకం కలిసి ఉంటుంది. 1975లో జాన్ ఎండ్లర్ అనే ఆయన అక్కడి కుమనా ఊరి మడుగులో పట్టాడు. 2005లో దానికి వేరే జాతిగా పేరు పెట్టారు. వేరే జాతా, గుప్పీలో ఒక రకమా అని ఇప్పటికీ తెగలేదు. కొట్లో మాత్రం రెండూ ఎప్పుడో కలిసిపోయాయి.

మరి ఎలా? కొన్న ఆడచేపని నమ్మకండి. దాని పిల్లల్ని నమ్మండి. పిల్లలకి మూడు నాలుగు వారాలు వచ్చేసరికి వెలుతురులో పెట్టి పొట్ట కింద వెనక రెక్క చూడండి. మగదానికి ఆ రెక్క సన్నబడి పుల్లలా అవడం మొదలవుతుంది. ఆడదానికి విసనకర్రలా విచ్చుకునే ఉంటుంది. పొట్ట చివర నల్ల మచ్చ కనిపిస్తుంది. ఆడవాటిని ఆ వయసులోనే వేరే తొట్టిలోకి మార్చెయ్యండి. ఒక్క వారం బద్ధకించినా పని చెడుతుంది. పెద్దయ్యాక మీరు కోరుకున్న మగచేప ఒక్కదానితో కలపండి. అప్పుడు పుట్టిన పిల్లలకి తల్లీ తండ్రీ మీకు తెలుసు. ఆ రోజు నుంచి రాయండి.

ఎక్కడ రాయాలి? తొట్టికి కాయితం అంటిస్తే తడిసి ఊడిపోతుంది. తొట్టి అంచు మీద ఆయిల్ పెయింటుతో నంబరు వెయ్యండి. పిల్లలు చదువుకున్న పాత నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. నంబరు పక్కన తల్లి ఏ రకం, తండ్రి ఏ రకం, ఎక్కడ కొన్నారు, పిల్లలు పుట్టిన తేదీ. తెలియకపోతే తెలియదు అని రాయండి. తెలియదని రాయడం కూడా నిజమే. ఊహించి పేరు రాయడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. వంకర వెన్ను, మూసుకోని నోరు ఉన్న పిల్ల పుడితే అదీ రాయండి. ఆ జంటని మళ్ళీ కలపకండి. అమ్మేటప్పుడు ఆ నాలుగు ముక్కలు చీటీ మీద రాసి కవర్‌కి కట్టి ఇవ్వండి.

అక్కచెల్లెళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరట్లో రంగు చేపలు పెంచే యూనిట్లకి సాయం పెట్టారు. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి 60 శాతం వరకూ సబ్సిడీ ఇచ్చారు. ఇప్పుడు ఏ సాయం ఉందో డ్వాక్రా సంఘాల వాళ్ళు మీ మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. మొదలుపెట్టిన రోజునే పుస్తకం కూడా మొదలుపెట్టండి. ఏడాది తరవాత మొదలుపెడదామంటే అప్పటికి చేపలు కలిసిపోతాయి. అప్పుడు ఎంత చదువుకున్నవాళ్ళొచ్చినా చూసి చెప్పలేరు. ఇన్ని దేశాల వాదన అదే కదా.

ఇక పెంచలేని చేప మాట. తొట్టి అమ్మేస్తున్నారు, ఊరు మారుతున్నారు, చేప పెద్దదైపోయింది. కాలవలో వదలకండి. కోనేట్లో వదలకండి. గోదావరిలో అసలే వద్దు. కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చెయ్యండి. తీసుకోకపోతే పెంచే ఇంకొకరికి చీటీతో సహా ఇవ్వండి. మన దేశంలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచకూడదని 2000 సంవత్సరంలోనే నిషేధం పెట్టారు. నిషేధం పెట్టేసరికే అది నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఒకసారి నీళ్ళలోకి వెళ్ళిన చేపని ఏ చట్టమూ వెనక్కి పిలవలేదు.

చివరిగా వరద గురించి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మన పోలవరం మండలం ఊళ్ళు ఎలా మునిగాయో మీరే చూశారు. అలాంటప్పుడు మనం చేపని వదలక్కర్లేదు. వరదే వచ్చి తీసుకుపోతుంది. అందుకని పెరట్లో సిమెంటు తొట్టి కట్టేవాళ్ళు పల్లంలో కట్టకండి. ఇంటి అరుగు కన్నా ఎత్తులో కట్టండి. నీళ్ళు పోయే గొట్టానికి దోమతెర కన్నా సన్నటి జాలీ కట్టండి. జూన్ నెలాఖరుకల్లా తొట్టి మీద వల బిగించండి. మొదటి హెచ్చరిక రాగానే, సామాను సర్దేటప్పుడే, తల్లిచేపల్ని మూత ఉన్న డబ్బాల్లోకి మార్చి మేడ మీద పెట్టండి. నోటుపుస్తకం రేషను కార్డు, పాసుపుస్తకాలు పెట్టుకునే ప్లాస్టిక్ సంచిలోనే పెట్టండి.